సైనిక వ్యయం, ఉగ్రవాదం, ఆదాయ అసమానత: పాకిస్తాన్ లెక్కలు ఏం చెబుతున్నాయి?

ముందుగా మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెబుతాను. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి, మే నెలలో సైనిక ఘర్షణ జరిగాక భారత్, పాకిస్తాన్ రెండూ రక్షణ కేటాయింపులు పెంచుతున్నాయి; ఇలా సైనిక వ్యయం పెరిగితే ధనిక, పేద తేడా కూడా పెరుగుతుందా, ఉగ్రవాదానికి మూలం ఆ తేడాయేనా, ఈ మూడింటిలో ఏది కారణం, ఏది ఫలితం అని అడిగారు. ఎంఏ ప్రాజెక్టుకు పాకిస్తాన్‌ను ఉదాహరణగా తీసుకుంటున్నట్టు కూడా రాశారు. పబ్లిక్ ఫైనాన్స్ బోధిస్తూ, దక్షిణాసియా దేశాల బడ్జెట్ పత్రాలు చదువుతూ ఉద్యోగ జీవితమంతా గడిపినవాడిని కనుక కొంత వివరంగానే రాస్తాను.

సూటిగా చెప్పాలంటే, సైనిక వ్యయం ఎంత అన్నదాని కంటే, ఆ డబ్బు ఎవరి దగ్గర వసూలైంది, ఎవరి చేతికి, ఏ ప్రాంతానికి చేరింది అన్నదే అసమానతను నిర్ణయిస్తుంది. ఉగ్రవాదం సంగతి ఇంత అస్పష్టంగా లేదు. దాని నష్టం పొదుపూ బీమా లేనివారి మీద ఎక్కువగా పడుతుంది కాబట్టి అది సాధారణంగా అసమానతను పెంచే వైపే పనిచేస్తుంది. తిరుగు దిశలో, అంటే అసమానత నుంచి ఉగ్రవాదానికి, దారి ఉంది కానీ అది పేదవాడి ఇంటి మీదుగా వెళ్లదు. తమ వాటా తమకు దక్కడం లేదని ఒక ప్రాంతమో, ఒక జాతి సమూహమో గట్టిగా నమ్మినప్పుడు ఆ దారి తెరుచుకుంటుంది. ఈ మూడు మాటలకూ కారణాలు, మినహాయింపులు కింద చెబుతాను.

మొదట పరిశోధనల సంగతి. ఈ విషయం మీద పరిశోధనా పత్రాలు చదివే విద్యార్థులు త్వరగా గందరగోళంలో పడతారు, అందుకు కారణం ఉంది. హమీద్ అలీ 2007లో అనేక దేశాల లెక్కలు తీసుకుని సైనిక వ్యయం పెరిగినచోట అసమానత పెరిగిందని చూపారు. అదే పరిశోధకుడు ఎరిక్ లిన్‌తో కలిసి 2009లో 58 దేశాల మీద వేరే పద్ధతిలో పరీక్షించినప్పుడు ఏ దిశలోనూ కారణ సంబంధం కనిపించలేదు. నా దగ్గర పరిశోధన చేసిన ఒక విద్యార్థి దక్షిణాసియా దేశాలను ఒకే సమీకరణంలో పెట్టినప్పుడు, సైనిక పింఛన్లను కలిపితే ఫలితం ప్లస్, మైనస్ గుర్తుల్లో ఒకదానితో, తీసివేస్తే రెండోదానితో వచ్చింది. సమీకరణంలో తప్పేమీ లేదు. రెండు రకాలుగా పనిచేసే ఒక విషయాన్ని సగటు తీసి చూసినందువల్ల వచ్చిన ఫలితం అది.

ఆ రెండు రకాలూ ఒకే దేశంలో చూడాలంటే అమెరికాను చూడండి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆ దేశం తన ఉత్పత్తిలో మూడో వంతుకు పైగా యుద్ధానికే ఖర్చు చేసింది. అయినా ఆ దశకంలోనే అమెరికాలో వేతనాల మధ్య అంతరం వేగంగా తగ్గింది. గోల్డిన్, మార్గో అనే ఆర్థికవేత్తలు దానిని ‘మహా సంకోచం’ అనే అర్థం వచ్చే పేరుతో వర్ణించారు. 1944లో అత్యధిక ఆదాయాల మీద పన్ను రేటు 94 శాతానికి చేరింది, యుద్ధ కార్మిక మండలి పై జీతాలను బిగబట్టి కింది జీతాలు పెరగనిచ్చింది, ఫ్యాక్టరీలకు నైపుణ్యం లేని కార్మికులు కూడా లక్షల సంఖ్యలో కావలసి వచ్చారు, యుద్ధం ముగిశాక తిరిగి వచ్చిన సైనికులకు ప్రభుత్వమే చదువు చెప్పించింది. అదే అమెరికా 2001, 2003 సంవత్సరాలలో అఫ్ఘానిస్తాన్, ఇరాక్ యుద్ధాలకు దిగుతూనే పన్నులు తగ్గించింది. ఆ తగ్గింపులో పెద్ద లాభం పై వర్గాలకు వెళ్లింది, యుద్ధ ఖర్చు అప్పు మీద నడిచింది, ఆ అప్పు పత్రాలు కొన్నవారికి వడ్డీ ముట్టింది. ఈసారి ఆయుధాల తయారీకి కావలసింది కూలీలు కాదు, ఇంజనీర్లు. అందువల్ల రెండో సందర్భంలో సైనిక వ్యయం అసమానతను తగ్గించే అవకాశమే లేకపోయింది.

తైవాన్ మరో ఉదాహరణ. 1950లు, 60లలో అది చాలా భారీ సైన్యాన్ని పోషించింది, అయినా ఆ కాలంలో అక్కడ ఆదాయ అసమానత తగ్గుతూ వచ్చింది. 1949 నుంచి 1953 వరకు జరిగిన భూసంస్కరణ కౌలు రైతుకు భూమి ఇచ్చింది కనుక పన్ను మోసే భుజాలు ఎక్కువయ్యాయి, ఎదుగుదలలో వాటా అందుకునే చేతులూ ఎక్కువయ్యాయి. పాకిస్తాన్‌లో లేనిది సరిగ్గా ఇదే.

ఇప్పుడు పాకిస్తాన్ బడ్జెట్‌కు వద్దాం. 2025-26 ఫెడరల్ బడ్జెట్ మొత్తం సుమారు 17.57 లక్షల కోట్ల పాకిస్తానీ రూపాయలు. అంతకు ముందు ఏడాదితో పోలిస్తే ఈ మొత్తం తగ్గింది. కానీ అందులో రక్షణ పద్దు 2.12 లక్షల కోట్ల నుంచి 2.55 లక్షల కోట్లకు, అంటే 20 శాతం పెరిగింది. ఆ పద్దు కింద నాలుగే వరుసలు ఉంటాయి: ఉద్యోగుల ఖర్చులు సుమారు 84,600 కోట్లు, నిర్వహణ 70,400 కోట్లు, ఆయుధాలు వంటి భౌతిక ఆస్తులు 66,300 కోట్లు, నిర్మాణ పనులు 33,700 కోట్లు. పార్లమెంటు సభ్యుడికి కూడా బడ్జెట్ పత్రాలలో దీనికి మించిన వివరం దొరకడం కష్టం. ఇక్కడ ఒక ముఖ్యమైన జాగ్రత్త చెప్పాలి. పాకిస్తాన్‌లో సైనిక పింఛన్లు రక్షణ పద్దులో ఉండవు. ముషారఫ్ హయాంలో, 2000-01 ప్రాంతంలో, వాటిని పౌర ప్రభుత్వ ఖర్చు కిందకు మార్చారు. 2025-26లో ఆ పింఛన్లు 74,200 కోట్లు. దీనిని కలపకుండా గ్రాఫు గీస్తే 2000 తర్వాత సైనిక భారం తగ్గినట్టు కనిపిస్తుంది, నిజానికి తగ్గింది పద్దు మాత్రమే. భారత్‌లో అయితే రక్షణ పింఛన్లు రక్షణ మంత్రిత్వ శాఖ మొత్తంలోనే ఉంటాయి కనుక రెండు దేశాలను పక్కపక్కన పెట్టేటప్పుడు ఇది మరీ అవసరం.

ఆ అంకెల పక్కన మరో మూడు అంకెలు పెట్టండి. అదే బడ్జెట్‌లో వడ్డీ చెల్లింపులు సుమారు 8.2 లక్షల కోట్లు, ఫెడరల్ అభివృద్ధి కార్యక్రమానికి లక్ష కోట్లు, పేద కుటుంబాలకు నేరుగా నగదు ఇచ్చే బేనజీర్ ఆదాయ మద్దతు పథకానికి 71,600 కోట్లు. సైనిక పింఛన్లు ఒక్కటే ఆ నగదు పథకం మొత్తాన్ని మించాయన్నది గమనించండి. రక్షణ వల్లే వైద్యం, విద్య తరిగిపోతున్నాయని చాలామంది ఒక్క మాటలో తేల్చేస్తారు, అది సగం నిజమే. 2010లో వచ్చిన 18వ రాజ్యాంగ సవరణ తర్వాత విద్య, వైద్యం చాలావరకు రాష్ట్రాల బాధ్యత. ఫెడరల్ ప్రభుత్వం దగ్గర మిగిలిన డబ్బును ముందు వడ్డీ, తర్వాత రక్షణ తీసుకుంటాయి. ఆ రెండింటికీ కోత పెట్టలేరు కనుక, ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) షరతుల కింద లోటు తగ్గించాలన్నప్పుడు కోత అభివృద్ధి పద్దు మీద పడుతుంది, పెంపు పన్నుల మీద పడుతుంది.

అసలు విషయం ఆ పన్నుల దగ్గరే ఉంది. పాకిస్తాన్ పన్నుల వసూలు చాలా ఏళ్లుగా జీడీపీలో 10 శాతం చుట్టుపక్కలే తిరుగుతోంది. 2023 ఫిబ్రవరిలో సాధారణ అమ్మకం పన్నును 18 శాతానికి పెంచారు. కరాచీలో రోజు కూలీ కొనే సబ్బు మీదా, కరెంటు బిల్లు మీదా అది పడుతుంది. ప్రత్యక్ష పన్ను అని పత్రాలలో రాసినదాంట్లో కూడా పెద్ద భాగం ముందుగా కోసే పన్నే, మొబైల్ రీచార్జి మీద కూడా కోస్తారు. ఆదాయపు పన్ను పరిధిలోకే రాని కూలీ ఆ డబ్బును వెనక్కి అడిగే రిటర్ను ఎలాగూ వేయడు. మరోవైపు, వ్యవసాయ ఆదాయం మీద పన్ను రాష్ట్రాల చేతిలో ఉండి దశాబ్దాల పాటు నామమాత్రంగా సాగింది. ఐఎంఎఫ్ ఒత్తిడి మీద రాష్ట్రాలు చట్టాలు మార్చింది ఇటీవలే. యుద్ధకాలపు అమెరికాలో యుద్ధ విమానానికి డబ్బు కట్టింది మిల్లు యజమాని అయితే, పాకిస్తాన్‌లో చాలావరకు కడుతున్నది ఆ మిల్లులో కూలీ. నా దృష్టిలో సైనిక వ్యయానికీ అసమానతకూ ఉన్న బలమైన ముడి ఇదే. ఆయుధాల ధర గురించి ఎంత మాట్లాడినా దీని తర్వాతే.

రెండో ముడి ప్రాంతానిది. సైన్యం ఖర్చు చేసే డబ్బు దేశమంతటా సమానంగా చల్లబడదు. బ్రిటిష్ వారు ‘యుద్ధ జాతులు’ అనే పేరుతో పంజాబ్ నుంచి, అందులోనూ రావల్పిండి, జేలం, చక్వాల్, అటక్ జిల్లాలున్న పోఠోహార్ పీఠభూమి నుంచి సిపాయిలను ఎక్కువగా తీసుకున్నారు. వానల మీద ఆధారపడే ఆ మెట్ట భూముల్లో సేద్యం కంటే సైన్యం జీతమే నమ్మకమైన ఆదాయం. స్వాతంత్ర్యం తర్వాత కూడా ఆ ఒరవడి చాలాకాలం సాగింది. ఒక హవల్దారు రిటైరై ఊరికి వస్తే ఆ ఇంటికి నెలనెలా పింఛను వస్తుంది, సైనిక సంక్షేమ ఆసుపత్రిలో వైద్యం అందుతుంది, పిల్లల చదువుకు సాయం ఉంటుంది. ఆ ఊళ్లలో సైనిక వ్యయం పేదరికాన్ని నిజంగానే తగ్గించింది, దీనిని ఒప్పుకోవాలి. బలూచిస్తాన్‌లోనో, సింధ్ లోపలి జిల్లాల్లోనో అదే స్థాయి పేద కుటుంబానికి ఆ అవకాశం చాలా తక్కువగా దొరికింది. కాబట్టి ఒకే ఖర్చు ఒక జిల్లాలో అంతరాన్ని తగ్గిస్తూ, జిల్లాల మధ్య అంతరాన్ని పెంచుతుంది. దేశం మొత్తానికి ఒకే గిని సూచీ (అసమానతను 0 నుంచి 1 దాకా కొలిచే అంకె; ఎక్కువైతే అసమానత ఎక్కువ) తీసుకుంటే ఈ రెండూ ఒకదానిలో ఒకటి కలిసి కనిపించకుండా పోతాయి.

ఈ ప్రాంతీయ ముడి ఎంత దూరం తీసుకెళ్లగలదో 1960ల చరిత్ర చూపించింది. సైనిక పాలకుడు అయూబ్ ఖాన్ హయాంలో పాకిస్తాన్ వేగంగా ఎదిగింది. 1968లో ప్రణాళికా సంఘం ముఖ్య ఆర్థికవేత్తగా ఉన్న మహబూబ్ ఉల్ హక్, దేశ పారిశ్రామిక ఆస్తులలో మూడింట రెండు వంతులు 22 కుటుంబాల చేతిలో ఉన్నాయని బహిరంగంగా ప్రకటించారు. ఆయనే తర్వాత 1990లో మానవాభివృద్ధి సూచీ రూపకల్పనకు నాయకత్వం వహించారు. అదే కాలంలో విదేశీ మారకంలో పెద్ద భాగం తూర్పు పాకిస్తాన్ జనపనార సంపాదించి పెట్టేది. సైనిక కేంద్రాలు, కొత్త రాజధాని ఇస్లామాబాద్, అధికారుల ఉద్యోగాలు పశ్చిమంలో ఉండేవి. బెంగాలీల సంపాదన పశ్చిమంలోని సైన్యానికీ, పరిశ్రమకూ పోతోందన్న ఆరోపణ అప్పటి రాజకీయాలకు కేంద్రమైంది, 1971లో దేశం రెండుగా చీలడం వెనుక ఉన్న కారణాలలో అది ముఖ్యమైనది.

మూడో ముడి సైన్యం నడిపే వ్యాపారాలది. 1954 నుంచి ఉన్న ఫౌజీ ఫౌండేషన్, 1971 నుంచి ఉన్న ఆర్మీ వెల్ఫేర్ ట్రస్టు ఎరువుల నుంచి సిమెంటు దాకా పరిశ్రమలు నడుపుతున్నాయి. డిఫెన్స్ హౌసింగ్ అథారిటీల ప్లాట్లు ఆఫీసర్లకు రాయితీ ధరకు దక్కి, మార్కెట్‌లో ఎన్నో రెట్లకు చేతులు మారతాయి. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం 2021లో విడుదల చేసిన పాకిస్తాన్ జాతీయ మానవాభివృద్ధి నివేదిక, పలుకుబడి గల వర్గాలకు అందుతున్న రాయితీలూ ప్రత్యేక సౌకర్యాల విలువ ఏటా 1,740 కోట్ల డాలర్లు, అంటే ఆర్థిక వ్యవస్థలో సుమారు 6 శాతం అని లెక్కగట్టింది. అయితే ఆ జాబితాలో మొదటి స్థానం సైన్యానిది కాదు, కార్పొరేట్ రంగానిది. భూస్వాములు, పెద్ద వ్యాపారులు కూడా ఉన్నారు. మీ ప్రాజెక్టులో ఈ సమతూకం పాటించండి, ఎందుకంటే అన్ని తప్పులూ సైన్యానివే అని రాస్తే భూమి విషయం పక్కకు పోతుంది.

ఇక ఉగ్రవాదం. 2007 డిసెంబరులో పాకిస్తాన్ ప్రభుత్వం మీదే పోరాడే మిలిటెంట్ కూటమి తెహ్రీకే తాలిబాన్ పాకిస్తాన్ ఏర్పడిన తర్వాతి సంవత్సరాలు ఆ దేశంలో అత్యంత రక్తసిక్తమైనవి. 2014 డిసెంబరు 16న పెషావర్ ఆర్మీ పబ్లిక్ స్కూలులో 130 మందికి పైగా పిల్లలను చంపారు. పాకిస్తాన్ ప్రభుత్వ ఆర్థిక సర్వే 2001 నుంచి జరిగిన మొత్తం ఆర్థిక నష్టాన్ని 12,600 కోట్ల డాలర్లకు పైగా అంచనా వేసింది. ఆ నష్టం ఎవరి మధ్య ఎలా పంపకమైందన్నది సర్వే చెప్పదు, మనకు కావలసిందేమో అదే.

వాయవ్యాన ఖైబర్ పఖ్తూన్‌ఖ్వా రాష్ట్రంలో ఉన్న స్వాత్ లోయను దగ్గరగా చూస్తే అది అర్థమవుతుంది. ఆ లోయ బతుకు పర్యాటకం మీద, పీచ్ వంటి పండ్ల తోటల మీద ఆధారపడి ఉండేది. 2008లో తాలిబాన్లు మలం జబ్బా స్కీ రిసార్టును తగలబెట్టారు, బాలికల బడులను వరుసగా పేల్చివేశారు. 2009 మే నెలలో సైన్యం దాడి మొదలైనప్పుడు స్వాత్ ఉన్న మలాకండ్ డివిజన్ నుంచి 20 లక్షల మందికి పైగా ఇళ్లు వదిలి వెళ్లారు. అది గోధుమ కోతల కాలం, పీచ్ పండ్లు మార్కెట్‌కు వెళ్లే కాలం. వెళ్లినవారిలో ఎక్కువమంది గుడారాల్లో కాదు, మర్దాన్, స్వాబీ జిల్లాల్లో బంధువుల, తెలిసినవారి ఇళ్లలో తలదాచుకున్నారు. అంటే ఆ నెలల్లో ఒక సామాన్య కుటుంబం ఆదాయం రెండు, మూడు కుటుంబాలను పోషించింది. ప్రభుత్వ సహాయ లెక్కల్లో గుడారాలు కనిపిస్తాయి, ఈ ఆతిథ్యం ఖర్చు ఎక్కడా కనిపించదు; నిజానికి ఆ యుద్ధ భారంలో పెద్ద భాగం మోసింది ఆ ఆతిథ్యమిచ్చిన ఇళ్లే. తోట యజమాని మరుసటి ఏడాది కోలుకోగలడు, తోటలో కోతకు వచ్చే కూలీకి పోయిన ఆ సీజను మళ్లీ రాదు. మూతబడిన బడిలోని ఆడపిల్ల నష్టం అయితే ఇరవై ఏళ్ల తర్వాత ఆమె వేతనంలో తేలుతుంది. పెషావర్‌లో కిడ్నాపుల భయంతో స్తోమత ఉన్న వ్యాపారులు ఇస్లామాబాద్‌కో, దుబాయికో తరలిపోయారు. పెట్టుబడి వారితో వెళ్లింది, కూలీలు ఉన్నచోటే ఉండిపోయారు.

స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతం మీద అబాదీ, గార్దియాసబల్ 2003లో చేసిన అధ్యయనం, ఉగ్రవాదం లేకపోతే ఉండగలిగిన స్థాయితో పోలిస్తే అక్కడి తలసరి ఉత్పత్తి సుమారు 10 శాతం తగ్గిందని తేల్చింది. అది సంపన్న ప్రాంతం కనుక, సంక్షేమ వ్యవస్థ ఉంది కనుక ఆ నష్టం కొంతవరకైనా పంచుకోబడింది. స్వాత్‌లో పంచుకోవడానికి బంధువులే మిగిలారు.

ఇప్పుడు మీ ప్రశ్నలో కష్టమైన భాగం: అసమానత ఉగ్రవాదాన్ని పుట్టిస్తుందా? వ్యక్తుల స్థాయిలో చూస్తే జవాబు చాలావరకు కాదనే. క్రూగర్, మలెచ్కోవా 2003లో లెబనాన్ హిజ్బుల్లా యోధుల వివరాలు పరిశీలించి, వారు సాటి జనాభా కంటే పేదలు కారని, చదువులో కొంత ముందే ఉన్నారని చూపారు. పాకిస్తాన్ మీదే బ్లెయిర్, ఫెయిర్, మల్హోత్రా, షపీరో 6,000 మందిని సర్వే చేసి 2013లో ప్రచురించిన ఫలితం ఇంకా స్పష్టంగా ఉంది: మిలిటెంట్ సంస్థలను మధ్యతరగతి కంటే పేదలే ఎక్కువగా వ్యతిరేకిస్తున్నారు. బాంబు పేలేది వారు కూరగాయలు కొనే బజారులో, వారు ఎక్కే బస్సులో కాబట్టి ఇందులో ఆశ్చర్యపడవలసింది లేదు. పేదరికమే ఉగ్రవాదం అని వేదికల మీద సులువుగా అనేవారు, దాని చేతిలో ఎక్కువగా చనిపోతున్న పేదల మీదే అనుమానం మోపుతున్నారు. ఈ మాట నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది.

కానీ సమూహాల స్థాయిలో చిత్రం మారుతుంది. క్రీగర్, మైరీక్స్ 2019లో 1984 నుంచి 2012 వరకు 113 దేశాల లెక్కలు తీసుకుని, ఆదాయ అసమానత ఎక్కువగా ఉన్న దేశాల్లో దేశీయ ఉగ్రవాదం ఎక్కువగా ఉందని చూపారు. బలూచిస్తాన్ దీనికి సరైన ఉదాహరణ. పాకిస్తాన్ భూభాగంలో అది సుమారు 44 శాతం, జనాభాలో మాత్రం దాదాపు 6 శాతం. 1952లో సుయీలో దొరికిన సహజ వాయువు కొద్ది ఏళ్లలోనే కరాచీ ఫ్యాక్టరీలకు చేరింది, సొంత రాష్ట్ర రాజధాని క్వెట్టాకు మాత్రం 1980ల దాకా రాలేదు. ఒక బలూచ్ యువకుడు ఈ విషయాన్ని ఆకలితో ఉన్నప్పుడు కాదు, చదువుకున్నప్పుడు తెలుసుకుంటాడు. 2022 ఏప్రిల్‌లో కరాచీ విశ్వవిద్యాలయంలో చైనా అధ్యాపకుల మీద ఆత్మాహుతి దాడి చేసిన మహిళ ఉన్నత చదువు చదివిన ఉపాధ్యాయురాలు. ఆ హత్యలను ఏ అన్యాయమూ సమర్థించదు, కానీ వివరించేటప్పుడు ఆ అన్యాయాన్ని దాటవేయకూడదు. స్వాత్‌లో కూడా తాలిబాన్లు కొన్నిచోట్ల కౌలుదార్లకూ భూస్వాములకూ ఉన్న పాత తగాదాలను వాడుకుని పెద్ద భూస్వాములను తరిమేశారు. అక్కడ ఉద్యమం అసమానత నుంచి పుట్టలేదు, అప్పటికే ఉన్న అసమానతను తన బలానికి వాడుకుంది. ఈ రెండింటికీ తేడా ఉంది.

దీనికి ప్రభుత్వం ఇచ్చిన ఆర్థిక జవాబుల్లో ఒకటి ప్రత్యేకంగా చెప్పాలి. ఫెడరల్ ప్రభుత్వం, రాష్ట్రాల మధ్య పన్నుల ఆదాయం ఎలా పంచాలో చెప్పే ఏడో జాతీయ ఆర్థిక సంఘం అవార్డు 2009 చివర్లో కుదిరింది. అది జనాభా ఒక్కటే కొలతగా ఉన్న పాత పద్ధతిని వదిలి పేదరికానికీ, విస్తీర్ణానికీ కొంత బరువు ఇచ్చి బలూచిస్తాన్ వాటాను 9 శాతానికి పెంచింది. ఉగ్రవాదంతో పోరులో నలిగినందుకు ఖైబర్ పఖ్తూన్‌ఖ్వాకు పంపకానికి వచ్చే నిధిలో 1 శాతం విడిగా ఇచ్చింది. సైనిక చర్యల కంటే తక్కువ వార్తలకెక్కిన ఈ నిర్ణయం నా దృష్టిలో ఆ దశకంలో అక్కడ జరిగిన మంచి పనుల్లో ఒకటి. దాని పరిమితి ఏమిటంటే, రాష్ట్రాలకు చేరిన డబ్బు జిల్లాలకు అదే న్యాయంతో చేరలేదు.

మీరు తప్పక ఎదుర్కోవలసిన ఒక చిక్కు ఉంది. ప్రపంచ బ్యాంకు లెక్కల ప్రకారం పాకిస్తాన్‌లో పేదరికం 2001లో 64.3 శాతం ఉండగా 2018 నాటికి 21.9 శాతానికి తగ్గింది. ఉగ్రవాదం పతాక స్థాయికి చేరిన సంవత్సరాలు కూడా ఇవే. గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు, వ్యవసాయం బయట దొరికిన పనులు ఇందుకు ముఖ్య కారణాలు. గిని సూచీ కూడా 0.30 దగ్గరే ఉంటుంది, అమెరికాది 0.41 దగ్గర. మరి అసమానత ఎక్కడుంది అని మీ గైడు అడిగితే జవాబు ఇది: ఆ 0.30 అంకె ఆదాయం మీద కాదు, కుటుంబ వినియోగం మీద లెక్కించింది. డిఫెన్స్ హౌసింగ్ కాలనీలో పెద్ద బంగళా యజమాని సర్వే చేసేవారికి తలుపు తీయడు, తీసినా దుబాయిలో ఉన్న ఫ్లాటు సంగతి చెప్పడు. కింది నుంచి మధ్య దాకా ఉన్న తేడాను ఆ సూచీ బాగానే చూపిస్తుంది, పైభాగాన్ని చూపించదు.

మన దగ్గర దీనికి నిజమైన పోలిక ఉందా అని కూడా అడిగారు. మావోయిస్టు ఉద్యమాన్ని ఉగ్రవాదంతో ఒకే గాటన కట్టవచ్చా అన్నది వేరే చర్చ, కానీ ప్రభుత్వం హింసకు ఎలా స్పందించిందన్న కోణంలో శ్రీకాకుళం ఏజెన్సీ ఉదాహరణ పనికొస్తుంది. 1960ల చివర అక్కడ గిరిజనుల తిరుగుబాటు వెనుక షావుకార్ల అప్పు, చేజారిన భూమి ఉన్నాయి. ప్రభుత్వం పోలీసు బలగాలతో అణచివేయడంతో పాటు 1970లో ఏజెన్సీ భూములు గిరిజనేతరులకు బదిలీ కాకుండా 1/70 నిబంధన తెచ్చింది. 1989లో ఏర్పాటైన గ్రేహౌండ్స్ గురించి అందరికీ తెలుసు, 1/70 గురించి తెలిసినవారు తక్కువ. ప్రణాళికా సంఘం నియమించిన బందోపాధ్యాయ నిపుణుల బృందం కూడా 2008 నివేదికలో, భూమి, అటవీ హక్కులు, నిర్వాసితుల సమస్యలను తీర్చకుండా భద్రతా చర్యలు మాత్రమే సరిపోవని చెప్పింది.

చివరగా మీ ప్రాజెక్టు పద్ధతి గురించి. పాకిస్తాన్ మీద వచ్చే చాలా పత్రాలు 1970ల నుంచి ఏటా గిని సూచీ ఉన్నట్టు రాసి, సైనిక వ్యయంతో కాలక్రమ సమీకరణం నడుపుతాయి. కానీ ఆ దేశపు కుటుంబ ఆదాయ వ్యయ సర్వే ఏటా జరగదు; 2001-02, 2004-05, 2005-06, 2007-08, 2010-11, 2011-12, 2013-14, 2015-16, 2018-19, ఆ తర్వాత 2024-25లోనే జరిగింది. మధ్య సంవత్సరాల అంకెలు రెండు సర్వేల మధ్య గీత గీసి నింపినవి. అలా నింపిన అంకెల మీద వచ్చే ఫలితాన్ని సగం మీరే తయారు చేసినట్టు లెక్క. ఉగ్రవాద ఘటనల సంఖ్య మాత్రం ఒక్క ఏడాదిలోనే రెట్టింపై మళ్లీ పడిపోతుంది, నునుపైన గీతతో దానిని పోల్చడం కుదరదు.

దానికి బదులు జిల్లాను యూనిట్‌గా తీసుకోండి. సామాజిక, జీవన ప్రమాణాల సర్వేలో జిల్లాల వారీ వివరాలు దొరుకుతాయి, మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం వారి ప్రపంచ ఉగ్రవాద డేటాబేస్‌లో ఘటన జరిగిన చోటు ఉంటుంది. స్వాత్, మర్దాన్, చక్వాల్, డేరా బుగ్తీ అనే నాలుగు జిల్లాలు చాలు: ఒకటి హింస జరిగినది, ఒకటి ఆశ్రయం ఇచ్చినది, ఒకటి సైన్యం జీతాలతో నిలబడినది, ఒకటి గ్యాసు ఇచ్చి తాను వెనుకబడినది. సైనిక వ్యయానికి స్టాక్‌హోమ్ సంస్థ సిప్రి అంకెలే వాడండి, అవి పింఛన్లను కలిపి లెక్కించడానికి ప్రయత్నిస్తాయి; ప్రభుత్వ పత్రం అంకెలు వాడితే 2000-01 దగ్గర పింఛన్ల మార్పును ఫుట్‌నోట్‌లో తప్పకుండా రాయండి. మర్దాన్ విషయంలో 2009కి ముందూ తర్వాతా కుటుంబ పరిమాణం, అప్పు, ఆడపిల్లల బడి హాజరు ఈ మూడూ చూడండి. ఆదాయం అంకె కంటే ముందు మార్పు వాటిలోనే కనిపిస్తుందని నా అంచనా.